శాంతినికేతన్ ఉత్సవాలు

శాంతినికేతన్ ఉత్సవాలు అనగా పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, బీర్భూమ్ జిల్లా, బోల్పూరు పట్టణానికి ఆనుకొని ఉన్న శాంతినికేతన్‌లో విశ్వభారతి విశ్వవిద్యాలయపు విద్యార్థులు, అధ్యాపకులు కలసి సంవత్సరం పొడవునా జరుపుకొనే పండుగల సముదాయము. వీటిలో పౌష్ మేళా, వసంతోత్సవం దేశమంతటా ప్రసిద్ధి చెందినవి. వృక్షారోపణ, హలకర్షణ, వర్షామంగళ్, క్రీస్తోత్సవం, గాంధీ పుణ్యాహ, ఆనందబజార్, నందన్ మేళా మొదలైనవి బయట అంతగా తెలియకపోయినా విద్యాలయ జీవితంలో వాటి స్థానం తక్కువది కాదు. వీటిలో ఎక్కువ భాగం రవీంద్రనాథ్ ఠాగూర్ కాలంలోనే రూపుదిద్దుకొన్నాయి. వేర్వేరు మతాలకు, ప్రాంతాలకు, దేశాలకు చెందిన విద్యార్థులు ఒకే ప్రాంగణంలో నివసించేటప్పుడు ఏ పండుగను అందరిదిగా జరుపుకోవాలి అనే ప్రశ్నకు భారతదేశంలో ఒక విద్యాలయం ఇచ్చిన తొలి సమాధానాలలో ఇవి ముఖ్యమైనవి. 2023 సెప్టెంబరు 17న యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

నేపథ్యము

రవీంద్రుని తండ్రి మహర్షి దేవేంద్రనాథ్ ఠాగూర్ 1863లో రాయపూర్ జమీందారుల నుండి 20 బిఘాల (సుమారు 7 ఎకరాల) బీడు భూమిని శాశ్వత కౌలుకు తీసుకొని అక్కడ ఒక అతిథిగృహం కట్టించాడు. ఆ చోట ధ్యానానికి ఆయన ఎంచుకొన్నది ఏడాకులపాల (సప్తపర్ణి) చెట్ల నీడ. బెంగాలీలో ఈ చెట్టును ఛాతిం అంటారు. ఆ తావునే ఛాతింతల అని పిలుస్తారు. నేటికీ స్నాతకోత్సవంలో పట్టభద్రులకు ఈ చెట్టు ఆకులను ఇవ్వడం ఆనవాయితీ.

1888లో దేవేంద్రనాథ్ రాయించిన ధర్మకర్తృత్వ పత్రం ఈ ఉత్సవాలన్నింటికీ పునాది. అందులోని నిబంధనల ప్రకారం ఆశ్రమ భూమిలో విగ్రహారాధన ఉండరాదు. ఏ మతాన్నీ, ఏ మతస్థుల ఆరాధ్యదైవాన్నీ నిందించరాదు. మద్యమాంసాలు కూడవు. నిరాకారుడైన ఏకేశ్వరుని ఉపాసనకు ఎవరైనా రావచ్చును. ప్రతి సంవత్సరం ఒక మేళా జరపాలి. ఆ మేళాకు అన్ని మతాల సాధుసంతులు వచ్చి ధర్మ విషయాలు చర్చించుకోవచ్చునని కూడా పత్రంలో ఉన్నది. ఒక ఆస్తి పత్రంలో తిరునాళ్లను ఒక షరతుగా రాయించడం అరుదైన విషయం. 1891లో రంగురంగుల గాజు పలకలతో ఉపాసనాగృహం నిర్మించారు. స్థానికులు దీనిని గాజు మందిరం అంటారు. ప్రతి బుధవారం ఇక్కడ ప్రార్థన జరుగుతుంది. అందుచేత ఆదివారం కాక బుధవారం సెలవు దినంగా పాటించడం ఇక్కడి సంప్రదాయమైనది.

1901 డిసెంబరులో రవీంద్రుడు అయిదుగురు విద్యార్థులతో ఇక్కడ బ్రహ్మచర్యాశ్రమం అనే బడిని ప్రారంభించాడు. 1921 డిసెంబరు 23న విశ్వభారతి లాంఛనంగా ఏర్పడింది. 1951లో పార్లమెంటు చట్టం ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయం అయినది.

అంతరాల నుండి సహపంక్తికి

శాంతినికేతన్ మొదటి రోజు నుండి కులమతాలకు అతీతంగా ఉన్నదని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. ప్రారంభ సంవత్సరాలలో ఆశ్రమం ప్రాచీన గురుకులాన్ని ఆదర్శంగా పెట్టుకొన్నది. భోజనశాలలో బ్రాహ్మణ విద్యార్థులకు వేరే పంక్తి ఉండేది. బ్రాహ్మణేతరుడైన ఒక ఉపాధ్యాయుడు చేరినప్పుడు బ్రాహ్మణ బాలురు ఆయనకు పాదాభివందనం చేయవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. పాదాలు తాకకుండా నమస్కారం చేస్తే చాలునని రవీంద్రుడు సలహా ఇచ్చాడు. అప్పటికి ఆయన ఆలోచన అంతవరకే సాగింది. తరువాతి దశాబ్దంలో వచ్చిన మార్పు ఒక్క రోజులో వచ్చినది కాదు, ఒక్కరి వలన వచ్చినదీ కాదు.

1914 చివర దక్షిణాఫ్రికాలోని గాంధీజీ ఫీనిక్స్ ఆశ్రమ బాలురు శాంతినికేతన్‌కు వచ్చి బస చేశారు. వారు తమ పనులన్నీ తామే చేసుకొనేవారు. 1915 ఫిబ్రవరిలో గాంధీజీ వచ్చాడు. మార్చిలో మరల వచ్చినపుడు వంటవారిని, పాకీపనివారిని పెట్టుకోవడం మాని విద్యార్థులే ఆ పనులు చేసుకోవాలని సూచించాడు. మార్చి 10న ఈ ప్రయోగం మొదలైంది. వంటశాలలో అందరూ కలసి వండినపుడు ఎవరి పంక్తి ఏది అనే ప్రశ్న నిలబడటం కష్టం. ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. కాని ఆ తేదీ గాంధీ పుణ్యాహ పేరుతో నిలిచిపోయింది. ఆ రోజున పనివారికి సెలవు ఇచ్చి విద్యార్థులు, అధ్యాపకులు ఊడ్చడం, కడగడం, వండటం చేస్తారు. పాటలు, నృత్యాలు ఉన్న పండుగల మధ్య చీపురు పట్టే పండుగ ఇదొక్కటే. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు తక్కిన వాటికన్న దీనిని ఎక్కువగా గమనించవలసి ఉన్నది.

ముస్లిం విద్యార్థులను చేర్చుకొనే విషయంలో కూడా ఆశ్రమంలో కొంతకాలం తర్జనభర్జనలు జరిగాయి. 1919 నవంబరులో రవీంద్రుడు సిల్హెట్ (నేటి బంగ్లాదేశ్) వెళ్ళినపుడు ఆయన ప్రసంగం విన్న సయ్యద్ ముజ్తబా అలీ అనే బాలుడు ఆయనకు ఉత్తరం రాశాడు. 1921లో శాంతినికేతన్‌లో చేరి విశ్వభారతి తొలి ముస్లిం విద్యార్థులలో ఒకడయ్యాడు. తరువాతి కాలంలో బహుభాషావేత్తగా, బెంగాలీ రచయితగా పేరుపొందాడు. అదే సిల్హెట్ పర్యటనలో రవీంద్రుడు మణిపురీ నృత్యం చూసి ముగ్ధుడై, మరుసటి సంవత్సరమే ఒక మణిపురీ నాట్యాచార్యుని శాంతినికేతన్‌కు రప్పించాడు. ఒక్క ప్రయాణం ఈ విద్యాలయానికి ఒక విద్యార్థిని, ఒక నృత్యరీతిని తెచ్చిపెట్టింది.

ఋతువుల పండుగలు

విగ్రహారాధనకు తావు లేని చోట, దుర్గాపూజ బెంగాల్ అంతటా మార్మోగే కాలంలో కూడా ఆశ్రమంలో ప్రతిమ నిలపని చోట, పిల్లలకు పండుగ ఎలా కల్పించాలి? రవీంద్రుడు ఋతువులను ఆశ్రయించాడు. వానకు, మోదుగ పూతకు, శరత్కాలపు వెన్నెలకు మతం లేదు గదా. అయితే ఈ ఆలోచనకు తొలిరూపం ఇచ్చినది ఆయన కాదు, ఆయన చిన్న కుమారుడు శమీంద్రనాథ్.

1907 శ్రీపంచమి నాడు పదేళ్ళ శమీంద్రుడు తోటి పిల్లలను కూడగట్టి ఋతూత్సవం జరిపాడు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క ఋతువు వేషం ధరించారు. అదే సంవత్సరం నవంబరు 23న శమీంద్రుడు ముంగేర్‌లో కలరా సోకి మరణించాడు. అయిదేళ్ళ క్రితం అతని తల్లి మృణాళినీదేవి మరణించినది కూడా నవంబరు 23నే. మరుసటి సంవత్సరం, 1908లో, రవీంద్రుడు ఆశ్రమ బాలుర కోసం శారదోత్సవ్ అనే నాటకం రాశాడు. ఆ తరువాత ఋతువులను గురించిన ఆయన పాటలు, నాటకాలు అనేకం వచ్చాయి. నేడు లక్షలాది జనం పేరు విన్న వసంతోత్సవానికి మూలం ఒక పసివాడు జరిపిన ఆట అని శాంతినికేతన్ వచ్చే యాత్రికులలో చాలామందికి తెలియదు.

వసంతోత్సవం హోళీ పూర్ణిమ నాడు (బెంగాలీలో దోల్ పూర్ణిమ) జరపడం పరిపాటిగా ఉండేది. తెల్లవారుజామున పాటలు పాడుతూ ఆశ్రమం చుట్టూ తిరగడాన్ని వైతాళికం అంటారు. తరువాత పసుపు పచ్చని వస్త్రాలు ధరించిన విద్యార్థినీ విద్యార్థులు నృత్యం చేస్తూ వరుసలుగా వస్తారు. పాటలు, నృత్యాలు అన్నీ ముగిసిన తరువాతనే రంగుపొడి (అబీర్) చల్లుకొంటారు. నీళ్ళ రంగులు వాడరు. ఎవరినీ బలవంతంగా పట్టి పులమరు. ఉత్తరాది హోళీకి, దీనికి ఉన్న భేదం ఇదే. రంగు కంటె పాటకు ప్రాధాన్యం హెచ్చు.

వర్షామంగళ్ వానాకాలపు పండుగ. బీర్భూమ్ ప్రాంతపు ఎర్రని కంకర నేలలో వేసవి దుర్భరంగా ఉంటుంది. తొలివానకు ఇక్కడ పండుగ చేయడం వింత కాదు. రాయలసీమ వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

వృక్షారోపణను 1928 జూలై 14న, హలకర్షణను మరునాడు శ్రీనికేతన్‌లో మొదటిసారి జరిపారు. శాంతినికేతన్‌కు కొద్ది దూరంలో గ్రామ పునర్నిర్మాణం కోసం 1922లో స్థాపించిన కేంద్రమే శ్రీనికేతన్. వృక్షారోపణలో పూలతో అలంకరించిన పల్లకిలో ఒక మొక్కను ఊరేగింపుగా తెస్తారు. ఐదుగురు బాలబాలికలు పంచభూతాలకు ప్రతినిధులుగా నిలబడి ఆ మొక్కకు ఆశీస్సులు పలుకుతారు. హలకర్షణలో అలంకరించిన ఎద్దులతో అరక కట్టి నేల దున్నుతారు. తొలి సంవత్సరం రవీంద్రుడు స్వయంగా నాగలి పట్టాడు. ఆ దృశ్యాన్ని నందలాల్ బోస్ శ్రీనికేతన్‌లో కుడ్యచిత్రంగా చిత్రించాడు. 1941లో రవీంద్రుడు శ్రావణ 22న (ఆగస్టు 7) మరణించిన తరువాత వృక్షారోపణను ఆయన వర్ధంతి నాడు, హలకర్షణను మరునాడు జరుపుతున్నారు. వర్ధంతి నాడు మొక్క నాటడం మన దేశంలో ఇప్పుడు సాధారణమైనది గాని అప్పటికి కొత్త.

ఈ పండుగలలో చదివే వేదమంత్రాలను ఎంచి కూర్చినవారు విధుశేఖర శాస్త్రి, క్షితిమోహన్ సేన్. ఆర్థికవేత్త అమర్త్యసేన్‌కు క్షితిమోహన్ సేన్ మాతామహుడు. ఆయన సంస్కృత పండితుడే కాక కబీరు పాటలను, బావుల్ గాయకుల పాటలను సేకరించినవాడు. ప్రాంగణమంతా ముగ్గులు (ఆల్పన) వేయడం కళాభవన్ విద్యార్థుల పని. పల్లె స్త్రీలు వ్రతాలకు వేసే ముగ్గులను నందలాల్ బోస్, ఆయన శిష్యులు తీసుకొని, వాటిలోని పూజాచిహ్నాల స్థానంలో ఋతువును బట్టి పూలు, ఆకులు, పక్షులు చేర్చారు. మన సంక్రాంతి ముగ్గుల వలె చుక్కలు పెట్టి కలపడం ఉండదు. చేతివాటంగా తీగలు సాగుతాయి.

శాంతినికేతన్ నృత్యంలో మణిపురీతో పాటు కథాకళి, సింహళంలోని కాండీ నృత్యం, జావా నృత్యరీతులు కలిశాయి. 1927లో జావా, బాలి దీవులను చూసి వచ్చిన తరువాత రవీంద్రుని బృందం అక్కడి బాటిక్ అద్దకాన్ని కూడా తెచ్చింది. ఉత్సవ వేదికల అలంకరణలో అది నేటికీ కనిపిస్తుంది. ఆడపిల్లలు వేదికపై నాట్యమాడటం ఆనాటి భద్రలోకులు హర్షించే విషయం కాదు. 1926లో నటీర్ పూజ నాటకంలో నందలాల్ బోస్ కుమార్తె గౌరి ప్రధాన పాత్ర ధరించింది. అన్నీ స్త్రీ పాత్రలే ఉన్న ఆ నాటకాన్ని కలకత్తాలో ప్రదర్శించవలసి వచ్చినపుడు రవీంద్రుడు ఒక బౌద్ధ భిక్షువు పాత్రను చేర్చి తానే ఆ వేషంతో వేదిక ఎక్కాడు. ఆయన వేదికపై ఉండగా విమర్శించేవారి నోరు లేవదని ఉద్దేశ్యం.

పౌష్ మేళా

బెంగాలీ పంచాంగం సౌరమానాన్ని అనుసరిస్తుంది. కనుక పౌష 7వ తేదీ అంటే డిసెంబరు 22 లేదా 23 అవుతుంది. మన చాంద్రమానపు పుష్యమాసంతో దీనిని పొరబడరాదు. 1843 డిసెంబరు 21న, అనగా ఆనాటి లెక్కలో పౌష 7న, దేవేంద్రనాథ్ బ్రహ్మసమాజ దీక్ష తీసుకొన్నాడు. ఆ రోజును పురస్కరించుకొని 1894లో శాంతినికేతన్‌లో తొలి మేళా జరిగింది.

మొదటి రోజు తెల్లవారుతూనే వైతాళికం, తరువాత ఛాతింతలలో ఉపాసన ఉంటాయి. రెండవ రోజు విశ్వభారతి స్థాపన దినం. ఆశ్రమంలో నివసించి గతించినవారిని స్మరించేందుకు కూడా ఒక రోజు కేటాయించారు. ఇవన్నీ ఆశ్రమవాసులకు సంబంధించినవి. మైదానంలో జరిగేది వేరు. అక్కడ రాత్రంతా బావుల్, ఫకీరు గాయకులు ఏక్‌తారా మీటుతూ పాడుతారు. బావుల్‌లు హిందూ, ముస్లిం భేదం పాటించని సంచార గాయకులు. మేళా ముగిసిన కొద్ది రోజులకు మకర సంక్రాంతి నాడు అజయ నది ఒడ్డున కెందులి గ్రామంలో జయదేవుని పేర జరిగే మరొక మేళాకు వీరు తరలిపోతారు. చుట్టుపక్కల పల్లెల సంథాలీలు డప్పులతో వచ్చి నృత్యం చేస్తారు. జాత్రా నాటకాలు, కీర్తనలు ఉంటాయి. కొత్త ఖర్జూరపు బెల్లంతో చేసిన పిండివంటలు, కాంథా కుట్టు పని చీరలు, డోక్రా లోహపు బొమ్మలు, శ్రీనికేతన్ తోలు సంచులు అమ్ముతారు. అధికారికంగా మేళా ముగిసినా దుకాణాలు కొన్ని రోజులు కదలవు. దీనిని భాంగా మేళా (చెదరిన తిరునాళ్ళు) అంటారు. పేదవారు సామాను కొనుక్కొనేది అప్పుడే. ధరలు దిగుతాయి గనుక.

1943లో బెంగాల్ కరవు వలన, 1946లో మతకల్లోలాల వలన మేళా జరగలేదు.

డిసెంబరు 25న గాజు మందిరంలో క్రీస్తోత్సవం జరుగుతుంది. 1910లో రవీంద్రుడు దీనిని ప్రారంభించాడు. బుద్ధుడు, చైతన్యుడు మొదలైన మహాపురుషులను స్మరించే రోజులను కూడా ఆ కాలంలోనే ఏర్పాటు చేశాడు. క్రీస్తు సందేశంపై ప్రసంగం, పాటలు, బైబిలు పఠనం ఉంటాయి. చీకటి పడగానే మందిరం చుట్టూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. క్రైస్తవ మతగురువుగా భారతదేశానికి వచ్చి 1914లో ఇక్కడ చేరిన చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ శాంతినికేతన్‌ను తన ఇల్లు చేసుకొన్నాడు. ఇక్కడ క్రీస్తోత్సవం క్రైస్తవ విద్యార్థుల కోసం వారికి అనుమతించిన పండుగ కాదు. అందరూ కలసి జరుపుకొనేది. ఈ రెండింటి మధ్య భేదం చిన్నది కాదు. నేడు అనేక కళాశాలల్లో ఒక్కొక్క వర్గం వారి పండుగకు ఒక్కొక్క రోజు, ఒక్కొక్క దుకాణం కేటాయిస్తారు. శాంతినికేతన్ పద్ధతి దీనికి విరుద్ధం.

విద్యార్థుల మేళాలు

మహాలయ అమావాస్య నాడు, దసరా సెలవులకు ముందు, జరిగేది ఆనందబజార్. విద్యార్థులే తినుబండారాలు వండి, బొమ్మలు చేసి, చమత్కారమైన పేర్లతో అంగళ్ళు పెట్టి గురువులకు అమ్ముతారు. లాభం సేవానిధికి వెళుతుంది. కళాభవన్ విద్యార్థులు డిసెంబరు 1, 2 తేదీలలో జరిపే నందన్ మేళా 1973లో ప్రారంభమైనది. డిసెంబరు 3 నందలాల్ బోస్ జన్మదినం. పేరున్న చిత్రకారుల పనితనం, మొదటి సంవత్సరం విద్యార్థి పనితనం ఒకే బల్లపై అమ్మకానికి ఉంటాయి. వచ్చిన సొమ్మును అవసరంలో ఉన్న విద్యార్థులకు ఉపయోగిస్తారు. విశ్వకర్మ పూజనాడు శ్రీనికేతన్‌లో శిల్పోత్సవం జరుగుతుంది. అక్కడ పూజలందుకొనేవి పనిముట్లు.

దేశవిదేశాల భవనాలు

1937 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది నాడు, చీనా భవన్ ప్రారంభమైనది. ఆనాడు నెహ్రూ రాలేకపోగా, అంతకు ముందు ఇక్కడ చదివిన ఆయన కుమార్తె ఇందిర వచ్చి ఆయన సందేశం చదివింది. ఈ భవనం తాన్ యున్ షాన్ కృషి ఫలితం. ఆయన 1927లో మలయాలో రవీంద్రుని కలసి, మరుసటి సంవత్సరం శాంతినికేతన్ వచ్చి, చైనాలో విరాళాలు, గ్రంథాలు సేకరించాడు. 1939లో హిందీ భవన్, 1994లో నిప్పాన్ (జపాన్) భవన్, 2018లో బంగ్లాదేశ్ భవన్ ఏర్పడినాయి. హిందీ సాహిత్యవేత్త హజారీప్రసాద్ ద్వివేది ఇక్కడ చాలాకాలం బోధించాడు.

సంవత్సరాదికి మరొక ప్రత్యేకత ఉన్నది. రవీంద్రుని పుట్టినరోజు వైశాఖ 25 (మే 8 లేదా 9). అప్పటికి బావులు ఎండి, సెలవులిచ్చి విద్యార్థులను ఇళ్ళకు పంపించవలసి వచ్చేది. అందుచేత ఆయన జీవిత చరమదశలో పుట్టినరోజును కూడా సంవత్సరాది నాడే జరుపుకొనేవారు. నీటి ఎద్దడి వలన మహాకవి జన్మదినం మూడు వారాలు ముందుకు జరిగినదన్నమాట.

తెలుగువారితో సంబంధము

తెలుగువారిలో రాయప్రోలు సుబ్బారావు, అబ్బూరి రామకృష్ణారావు శాంతినికేతన్ వాతావరణంలో కొంతకాలం గడిపారు. తెలుగు భావకవిత్వంపై ఆ ప్రభావం గురించి విమర్శకులు విస్తారంగా రాశారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతి విద్యార్థి. రవీంద్రుని రచనలు అనేకం తెలుగులోకి అనువదించాడు. చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొందాడు. పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణావాదనకు ముగ్ధుడై రవీంద్రుడు ఆయనను శాంతినికేతన్‌కు ఆహ్వానించాడు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశాడు. అప్పటి ప్రిన్సిపాల్ ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. ఒక సాయంకాలం విద్యార్థుల సమక్షంలో రవీంద్రుడు జనగణమన పాడి వినిపించాడు. ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించాడు. కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చింది. బెంగాలీ పాటకు ఐరిష్ మహిళ రాయలసీమ కళాశాలలో స్వరం రాయడం కూడా ఈ వ్యాస విషయానికి చెందినదే.

విమర్శలు

ఈ ఉత్సవాలలో వైవిధ్యమెంత ఉన్నా వాటి భాష మాత్రం ఒక్కటే. పాటలన్నీ బెంగాలీలో, దాదాపు అన్నీ రవీంద్రుడు రాసినవే. తమిళ విద్యార్థి అయినా, జపాను విద్యార్థి అయినా పండుగలో పాల్గొనాలంటే బెంగాలీ పాట నేర్చుకోవలసిందే. అందరికీ ఒకే పాట ఉండటం ఐక్యతకు తోడ్పడుతుందని కొందరు, ఇతర భాషలవారు అతిథులుగానే మిగిలిపోతారని మరికొందరు భావిస్తారు. ఈ రెండవ మాటలో నిజం లేకపోలేదు. సంథాలీల విషయం ఇంకా ఆలోచించదగినది. రాంకింకర్ బైజ్ 1938లో నిర్మించిన సంథాలీ కుటుంబం శిల్పం ఆధునిక భారత శిల్పకళకు తలమానికం. మేళాలో సంథాలీ నృత్యం తప్పనిసరి. కాని ప్రాంగణం చుట్టూ తరతరాలుగా నివసించే వారి పిల్లలు తరగతి గదులలో విద్యార్థులుగా చేరడానికి పట్టిన కాలం, వేదికపైకి రావడానికి పట్టిన కాలం కన్న చాలా ఎక్కువ. సంథాలీ భాషా బోధన తరువాతి కాలంలో విశ్వభారతిలో చేరింది.

ఇటీవలి పరిణామాలు

గోడలు లేని బడి అన్నది రవీంద్రుని భావన. తరగతులు చెట్ల కింద జరుగుతాయి. అటువంటి చోటికి వేలకు బదులు లక్షల జనం వచ్చినపుడు ఏమి చేయాలి అనే సమస్య 2010ల నుండి తీవ్రమైనది. మేళా వలన పేరుకొనే చెత్త, బొగ్గు పొయ్యిల పొగ, లౌడ్‌స్పీకర్ల శబ్దంపై ఒక పర్యావరణ కార్యకర్త జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించగా, ట్రిబ్యునల్ ఆంక్షలు విధించింది. మేళా రోజుల సంఖ్యపై, దుకాణాల ఖాళీపై వర్తకులకు, విశ్వవిద్యాలయానికి తగవులు వచ్చాయి. 2020లో విశ్వవిద్యాలయం మేళా మైదానం చుట్టూ గోడ కట్టడం ప్రారంభించగా, ఆగస్టు 17న పెద్ద గుంపు వచ్చి ద్వారాన్ని, కట్టడాలను కూల్చివేసింది. మైదానాన్ని కాపాడుకోవడం తమ బాధ్యత అని అధికారులు, మైదానం అందరిదీ అని స్థానికులు వాదించారు. 1888 నాటి పత్రం మేళా జరపాలని చెప్పింది గాని ఎంత పెద్ద మేళా అన్నది చెప్పలేదు.

2020లో కోవిడ్ వలన మేళా జరగలేదు. తరువాతి రెండు సంవత్సరాలు బోల్పూరులో వేరొక చోట ప్రత్యామ్నాయ మేళా నడిచింది. 2023లో విశ్వవిద్యాలయం ముందుకు రాకపోవడంతో జిల్లా యంత్రాంగం పాత మైదానంలో మేళా నిర్వహించింది. 2024 డిసెంబరులో విశ్వభారతి, శాంతినికేతన్ ట్రస్టు కలసి మరల మేళా జరిపాయి.

వసంతోత్సవం కథ వేరుగా నడిచింది. జనం మోదుగ కొమ్మలు విరిచి తలలో తురుముకోవడం, వాహనాల రద్దీ, విద్యార్థులకే చోటు చాలని తొక్కిసలాట ఏటేటా పెరిగాయి. 2020లో కోవిడ్ భయంతో ఉత్సవం రద్దయినది. ఆ తరువాత జరిపినపుడు హోళీ పూర్ణిమకు బదులు వేరొక రోజున, బయటివారికి ప్రవేశం లేకుండా విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగుల వరకే పరిమితం చేశారు. దూరం నుండి వచ్చిన యాత్రికులు నిరాశ చెంది సోనాఝురి అడవి వైపు వెళ్ళి అక్కడ రంగులు చల్లుకొంటున్నారు.